రాంచ్ నుంచి గ్రాస్‌ఫెడ్ బీఫ్ కొనడం ఎలా: డబ్బు కట్టేముందు, కట్ షీట్ నింపేముందు

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్... టెక్సస్‌లో మీరు ఏ ఊళ్లో ఉన్నా, కారులో గంటా గంటన్నర వెళ్తే పశువుల్ని పచ్చికలో మేపే రాంచ్‌లు కనిపిస్తాయి. వాళ్లలో కొందరు పావు పశువు, అర పశువు లెక్కన నేరుగా ఇళ్లకే అమ్ముతారు. పెద్దకూర తినే తెలుగువాళ్లు ఇక్కడ తక్కువేం కాదు, కానీ ఈ దారిలో కొనేవాళ్లు తక్కువే. మాటలు కొత్త, లెక్క అర్థం కాదు, ఒకేసారి వెయ్యి డాలర్లు కట్టాలంటే భయం. అందుకే డబ్బు కట్టడం నుంచి కట్ షీట్ (మాంసాన్ని ఎలా కోయాలో మీరు రాసిచ్చే ఫారం) దాకా, ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో వరసగా రాస్తున్నా. టెక్సస్ లెక్కలో చెప్తాను. జార్జియాలో ఉన్నా ఒహాయోలో ఉన్నా పద్ధతి దాదాపు ఇదే, పచ్చగడ్డి ఉండే నెలలు మారతాయి.

ముందు ఒక సంగతి. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో మనం తిన్నది ఎక్కువగా గేదె, దున్న మాంసం. ఇక్కడ బీఫ్ అంటే ఆవు జాతిదే. మామూలుగా విత్తులు తీసేసిన మగ పశువు, దాన్నే స్టీర్ అంటారు, లేదంటే ఇంకా ఈనని పెయ్య. గేదె కొవ్వు తెల్లగా ఉంటుంది. గడ్డి మేసిన ఆవు కొవ్వు పసుపుపచ్చగా ఉంటుంది, గడ్డిలోని కెరోటిన్ వల్ల. ప్యాకెట్ విప్పగానే ఆ పసుపు చూసి పాడైపోయిందేమో అని టెన్షన్ పడకండి.

ముందు ఫ్రీజర్, తర్వాత రాంచ్

పావు పశువు అంటే ఇంటికి వచ్చేది సుమారు వంద పౌండ్ల మాంసం. ఒక ఘనపు అడుగు ఫ్రీజర్‌లో 35 నుంచి 40 పౌండ్లు పడుతుందని లెక్క. అంటే కనీసం మూడు ఘనపు అడుగులు ఖాళీగా ఉండాలి. ఫ్రిజ్‌కి ఉండే ఫ్రీజర్‌లో కరివేపాకు, మునక్కాడలు, కొబ్బరి తురుము పోగా అంత చోటు మిగలదు. ఐదు నుంచి ఏడు ఘనపు అడుగుల చెస్ట్ ఫ్రీజర్ ఒకటి విడిగా కొనుక్కోవడం మంచిది. ఇంట్లో మాంసం ముట్టని అత్తగారో మామగారో ఉంటే గొడవే లేకుండా గ్యారేజ్‌లో పెట్టేయొచ్చు. ఒక్క జాగ్రత్త: టెక్సస్ గ్యారేజ్ ఎండాకాలంలో ఉడికిపోతుంది. గ్యారేజ్‌లో పెట్టుకోవచ్చని కంపెనీ స్పష్టంగా చెప్పిన మోడలే తీసుకోండి.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఇక్కడ రోజుల తరబడి కరెంటు పోయింది. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకపోతే సుమారు 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. మాంసం తగ్గుతున్నకొద్దీ ఖాళీ చోట్లో నీళ్ల సీసాలు పెట్టి గడ్డకట్టించండి.

ఫ్రీజర్ కొనడానికి కూడా ముందు చేయాల్సిన చిన్న పని ఉంది. మీరు అనుకుంటున్న రాంచ్ నుంచే నాలుగైదు పౌండ్ల ఖీమా, ఒక చక్ రోస్ట్ (భుజం వైపు పెద్ద ముక్క) తెచ్చుకుని వండండి. గడ్డి మేసిన మాంసానికి రుచి ఘాటుగా ఉంటుంది, కొవ్వు తక్కువ. కొందరికి మొదటి ముద్దకే నచ్చుతుంది, కొందరికి ఎప్పటికీ నచ్చదు. వంద పౌండ్లు ఇంటికొచ్చాక పిల్లలు ముఖం తిప్పుకుంటే చేయగలిగింది ఏమీ ఉండదు.

గ్రాస్‌ఫెడ్ అన్న మాటను నమ్మాలా?

అమెరికాలో మాంసం మందల్లో పుట్టే దూడలు మామూలుగా మొదటి ఆరేడు నెలలు తల్లి పాలు, గడ్డితోనే పెరుగుతాయి. తేడా చివర్లో వస్తుంది. మామూలు పశువును ఆఖరి నాలుగైదు నెలలు ఫీడ్‌లాట్ అనే పెద్ద దొడ్లో ఉంచి మొక్కజొన్న పెట్టి కొవ్వు పట్టిస్తారు. కాబట్టి ‘మా పశువులు గడ్డి తింటాయి’ అన్న మాట ఎవరు చెప్పినా అబద్ధం కాదు, మీకు పనికొచ్చే సమాధానం మాత్రం కాదు. మీరు అడగాల్సింది: ఆఖరి ఆరు నెలలు ఏం తిన్నది? దీన్నే ఇక్కడివాళ్లు ‘గ్రాస్ ఫినిష్డ్’ అంటారు. ఫోన్‌లో ఆ మాటే వాడండి, రాంచర్ మీతో మాట్లాడే తీరు మారుతుంది.

ప్రభుత్వ ముద్ర మీద భారం వేయకండి. గ్రాస్‌ఫెడ్ అంటే ఏమిటో చెప్పే ప్రమాణాన్ని అమెరికా వ్యవసాయ శాఖలోని మార్కెటింగ్ విభాగం 2016 జనవరిలో వెనక్కి తీసుకుంది. ఇప్పుడు లేబుల్ మీద ఆ మాట రాయాలంటే అదే శాఖలోని ఆహార తనిఖీ విభాగానికి కాగితాలు చూపించి అనుమతి తెచ్చుకోవాలి. ‘నేచురల్’ అన్న మాటైతే ఇంకా తేలిక. కృత్రిమ పదార్థాలు కలపలేదని, పెద్దగా ప్రాసెస్ చేయలేదని దాని అర్థం. పశువు ఎలా పెరిగిందో అది చెప్పదు. ఆర్గానిక్ అంటే గడ్డి ఒక్కటే అని కూడా కాదు, ఆర్గానిక్ మొక్కజొన్న పెట్టొచ్చు. కొంచెం గట్టిగా నిలబడేది అమెరికన్ గ్రాస్‌ఫెడ్ అసోసియేషన్ ముద్ర: జీవితాంతం గడ్డే, ఫీడ్‌లాట్ ఉండదు, హార్మోన్లు, యాంటీబయాటిక్స్ ఉండవు, పశువు అమెరికాలోనే పుట్టి పెరగాలి. అయితే చిన్న రాంచర్లలో చాలామంది ఆ ఖర్చు పెట్టుకోరు. ముద్ర లేనంత మాత్రాన అనుమానించక్కర్లేదు, వెళ్లి చూస్తే సరిపోతుంది.

సూపర్ మార్కెట్‌లో దొరికే గ్రాస్‌ఫెడ్ ప్యాకెట్లలో చాలా వాటిది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉరుగ్వే మాంసం. అది చెడ్డదని కాదు. కానీ పక్క కౌంటీ రైతుకి డబ్బు వెళ్తుందని అనుకుని కొంటున్నవాళ్లు వెనక వైపు చిన్న అక్షరాలు చదవాలి. బయటి దేశం మాంసాన్ని ఇక్కడ కోసి ప్యాక్ చేసినా ‘ప్రొడక్ట్ ఆఫ్ యూఎస్‌ఏ’ అని రాసుకునే వీలు చాలా ఏళ్లు ఉండేది. 2026 జనవరి 1 నుంచి పుట్టడం, పెరగడం, కోత, ప్యాకింగ్ అన్నీ ఇక్కడే జరిగితేనే ఆ మాట రాయాలి.

ఆరోగ్యం గురించి ఒక్క ముక్క. గడ్డి మేసిన మాంసంలో ఒమేగా-3 ఎక్కువన్నది నిజమే, కానీ చేపలతో పోలిస్తే అది చాలా కొంచెం. ఒమేగా-3 కోసమే అయితే చేపలు తినండి, చవక.

రాంచ్‌ను ఎక్కడ వెతకాలి

శనివారం ఉదయం ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్లడం అన్నిటికంటే తేలిక. డాలస్ ఫార్మర్స్ మార్కెట్‌లోని ద షెడ్, మెకినీలో చెస్ట్‌నట్ స్క్వేర్, హ్యూస్టన్‌లో అర్బన్ హార్వెస్ట్ లాంటి చోట్ల మాంసం అమ్మేవాళ్లు ఐస్ బాక్సులతో కూర్చుంటారు. అక్కడ ఒకటి రెండు ప్యాకెట్లు కొని, ‘పావు పశువు అమ్ముతారా’ అని అడగండి. ఆన్‌లైన్‌లో ఈట్‌వైల్డ్, లోకల్‌హార్వెస్ట్ అనే జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు దాదాపు ప్రతి కౌంటీలోనూ ఉంది. అక్కడి ఏజెంటుకి ఆ చుట్టుపక్కల ఎవరు ఏం మేపుతున్నారో బాగా తెలుసు, ఫోన్ చేస్తే ఓపికగా చెప్తారు. ఇంకో దారి వెనక నుంచి రావడం: చిన్న ఊళ్లలో మాంసం కోసే ప్రాసెసర్‌కి ఫోన్ చేసి, ‘గడ్డితో ఫినిష్ చేసిన పశువుల్ని మీ దగ్గరికి ఎవరు తెస్తారు’ అని అడగండి. ఎవరి పశువు బాగుంటుందో కత్తి పట్టినవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఫోన్‌లోనూ, గేటు దగ్గరా

చెప్పకుండా వెళ్లకండి. ఫోన్ చేసి రోజు అడిగి వెళ్లండి. రాంచ్‌లో తెరిచి ఉన్న గేటు తెరిచే ఉంచాలి, మూసి ఉన్నది మూసేయాలి. ఇది అక్కడ చాలా పెద్ద మర్యాద.

వెళ్లాక ముందు నేల చూడండి. పాదం మునిగేంత గడ్డి ఉందా, లేక నేల కనిపించేలా కొరికేసి ఉందా? వానలు లేని ఏడాది ఎవరి పచ్చికైనా పలచబడుతుంది. 2011 కరువులో, 2022లో టెక్సస్ రాంచర్లు మేపలేక మందలే అమ్మేసుకున్నారు. అలాంటి ఏడాది గడ్డి బదులు ఏం పెట్టారని అడగడంలో తప్పులేదు. ఎండుగడ్డి, అల్ఫాల్ఫా, ఉప్పు, ఖనిజాల దిమ్మ అంటే మంచిదే.

ఇక్కడే టెక్సస్‌కి ప్రత్యేకమైన విషయం ఒకటుంది. రాంచర్ పికప్ హారన్ కొట్టగానే మంద మొత్తం పరుగెత్తుకొస్తే, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అవి రాంచర్ మీద ప్రేమతో రావడం లేదు, ‘క్యూబ్స్’ కోసం వస్తున్నాయి. బొటనవేలంత ఉండే ఈ దాణా ముక్కల్లో పత్తిగింజల పిండి, ధాన్యం ఉప ఉత్పత్తులు ఉంటాయి. చలికాలంలో తల్లి ఆవులకి ఇవి పెట్టడం ఇక్కడ మామూలే, దానికి రాంచర్‌ను తప్పుపట్టక్కర్లేదు. మీరు కొనబోయే స్టీర్‌కి కూడా పెట్టారా అన్నదే ప్రశ్న. షెడ్‌లో దాణా సంచులు కనిపిస్తే వాటి మీద రాసింది చదవండి. మంచి రాంచర్ దాచడు, అడిగితే సంచి తిప్పి చూపిస్తాడు.

మందలో మూపురం ఉన్న పశువులు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అవి మన చుట్టాలే. 19వ శతాబ్దం మధ్య నుంచి 1920ల దాకా అమెరికాకి తెచ్చిన గిర్, గుజరాత్, కృష్ణా లోయ, ఒంగోలు పశువుల సంకరమే ఇక్కడి బ్రాహ్మన్ జాతి. దాని పెంపకందార్ల సంఘం 1924లో హ్యూస్టన్‌లోనే మొదలైంది. టెక్సస్ ఎండని, పిడుదులని తట్టుకోవడంలో దానికి సాటి లేదు. కొనేవాళ్లకి మాత్రం ఒక చిక్కు: బ్రాహ్మన్ రక్తం ఎక్కువయ్యేకొద్దీ మాంసం గట్టిగా ఉంటుంది. కోత తర్వాత కండను మెత్తబరిచే ఎంజైములను అడ్డుకునే పదార్థం వాటిలో ఎక్కువ. మందలో ఎన్ని పాళ్లు బ్రాహ్మన్ అని అడగండి. బ్రాంగస్ అంటే ఎనిమిదింట మూడు పాళ్లు బ్రాహ్మన్, మిగతా ఐదు యాంగస్. కుక్కర్‌లో వండే కూరకి ఇది పెద్ద విషయం కాదు. స్టేక్ కోసం కొనేవాళ్లు మాత్రం యాంగస్, డెవన్, రెడ్ పోల్ లాంటి జాతుల వైపు చూడండి.

ఏ నెలలో కోస్తారన్నది కూడా అడగండి. పశువు పచ్చగడ్డి మీద బరువెక్కుతున్నప్పుడు కోస్తే మాంసం బాగుంటుంది, చలికాలం చివర్లో చిక్కిపోతున్నప్పుడు కోస్తే గట్టిగా, చప్పగా ఉంటుంది. ఇక్కడ చలికాలంలో రైగడ్డి, ఓట్స్ చల్లి మేపేవాళ్లకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా మంచి కాలం. మిగతావాళ్లకి వసంతంలో, మళ్లీ శరదృతువు వానల తర్వాత. ఫిబ్రవరిలో ‘ఇప్పుడే ఇచ్చేస్తా’ అంటే ఏం మేపారో రెండుసార్లు అడగండి.

వయసు కూడా తెలుసుకోవాలి. గడ్డి పశువు నిదానంగా పెరుగుతుంది, రెండేళ్లు అటూ ఇటూ పడుతుంది. 30 నెలలు దాటితే మ్యాడ్‌కౌ జబ్బు నిబంధనల ప్రకారం వెన్నెముక తీసేయాలి. అప్పుడు టీబోన్, ఎముకతో ఉండే రిబై లాంటి స్టేకులు రావు. పళ్లు చూసి వయసు తేలుస్తారు.

ముద్రల గొడవ

మాంసం కోసే చోట్లు మూడు రకాలు. ఫెడరల్ తనిఖీ ఉన్న చోట కోసినది దేశంలో ఎక్కడైనా ముక్కల లెక్కన అమ్మొచ్చు. రాష్ట్ర తనిఖీ ఉన్న చోటిది మామూలుగా ఆ రాష్ట్రంలోనే. మూడోది కస్టమ్: అక్కడ కోసే ప్రతి పశువునీ ఇన్‌స్పెక్టర్ చూడడు. అందుకే దాన్ని అమ్మకూడదు, పశువు యజమాని, ఆయన కుటుంబం, డబ్బులివ్వని అతిథులు తినొచ్చు. ప్రతి ప్యాకెట్ మీదా ‘నాట్ ఫర్ సేల్’ అని ముద్ర ఉంటుంది.

మరి కస్టమ్‌లో కోసింది మీరెలా కొంటారు? మాంసం కాకుండా, కోతకి ముందే బతికున్న పశువులో వాటా కొంటారు. నలుగురు కలిసి కొంటే నలుగురూ కోత రోజుకి ముందే యజమానులై ఉండాలి, పేర్లు ప్రాసెసర్ దగ్గర రాయించాలి. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ‘నాట్ ఫర్ సేల్’ ప్యాకెట్లు మిగిలాయని వాట్సాప్ గ్రూపులో పౌండ్ ఇంత అని పెట్టేవాళ్లు ఉంటారు. అది చట్టవిరుద్ధం. చుట్టాలని భోజనానికి పిలిచి పెట్టండి, అమ్మకండి.

హలాల్ కావాలనుకునేవాళ్లు బుకింగ్ రోజే అడగాలి. మత పద్ధతిలో కోతను 1958 నాటి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఆ ప్రాసెసర్ ఒప్పుకుంటాడా అన్నది వేరే విషయం.

ధర లెక్క, కాగితం మీద

జనం ఎక్కువగా కంగారుపడేది ఇక్కడే. రాంచర్ చెప్పే ధర సాధారణంగా ‘హ్యాంగింగ్ వెయిట్’ మీద. తల, తోలు, పేగులు తీసేసి కొక్కేనికి వేలాడదీసిన బరువు అది. అందులో ఎముక, కొవ్వు, ఆరిపోయే తడి అన్నీ ఉంటాయి. మీ ఇంటికి వచ్చేది అందులో 60 నుంచి 70 శాతం.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ధరలు నేను అనుకున్నవి, మీ రాంచర్ చెప్పిన అంకెలు పెట్టుకుని చూసుకోండి. బతికున్న పశువు 1,150 పౌండ్లు. గడ్డి పశువుకి హ్యాంగింగ్ 57 శాతం పడితే 655 పౌండ్లు. అందులో పావు 164. పౌండ్ 5 డాలర్లయితే 820. కోసి ప్యాక్ చేయడానికి ప్రాసెసర్‌కి పౌండ్‌కి 1.20 చొప్పున 197. కోత రుసుము 120 అనుకుంటే మీ వాటా 30. మొత్తం 1,047 డాలర్లు. ఇంటికి వచ్చేది 65 శాతం అంటే 106 పౌండ్లు. అంటే పౌండ్ దాదాపు 9.90 పడింది, 5 కాదు. ఖీమాకైనా ఫిలేకైనా ఇదే ధర. మీరు వారం వారం కొనేది ఖీమా ఒక్కటే అయితే ఇది లాభం కాకపోవచ్చు, నిజం ఒప్పుకోవాలి. స్టేక్, షార్ట్ రిబ్స్ (పక్కటెముకల ముక్కలు), పిక్క, ఎముకలు అన్నీ వాడే ఇంటికి గిట్టుబాటవుతుంది.

అందుకే అడ్వాన్స్ కట్టేముందు ఈ ప్రశ్నలన్నీ అడిగి, జవాబులు ఈమెయిల్‌లో తెప్పించుకోండి: ధర ఏ బరువు మీద? ప్రాసెసర్ ఖర్చు అందులో ఉందా, వేరా? కోత రుసుము ఎవరిది? అడ్వాన్స్ వెనక్కి వస్తుందా? మాంసం ఎవరు, ఎక్కడికి తెస్తారు? 2020 వసంతంలో కోవిడ్ వల్ల పెద్ద ప్లాంట్లు మూతపడ్డప్పుడు చిన్న ప్రాసెసర్ల దగ్గర నెలల తరబడి క్యూ ఏర్పడింది. ఇప్పుడు అంత లేకపోయినా, తారీకు ముందే ఖాయం చేసుకోవడం మేలు.

ముందు పావా, వెనక పావా అని అడిగితే ఏం చెప్పాలి? అమెరికన్లు వెనక పావు కోసం పోటీ పడతారు, ఫిలే, స్ట్రిప్, సర్లాయిన్ అనే స్టేకులు అందులోనే ఉంటాయి. కూరలు వండే ఇంటికి నా ఓటు ముందు పావుకే. చక్, బ్రిస్కెట్ (రొమ్ము మాంసం), షార్ట్ రిబ్స్, ముందు పిక్క, రిబై అన్నీ ముందే ఉన్నాయి, కొన్నిచోట్ల ధర కూడా తక్కువ. చాలామంది మాత్రం రెండూ కలిపిన మిక్స్‌డ్ పావే ఇస్తారు.

కట్ షీట్: మన వంటింటికి తగ్గట్టు

కోత అయిన వారంలో ప్రాసెసర్ నుంచి ఒక ఫారం వస్తుంది, లేదా ఫోన్ వస్తుంది. దాన్నే కట్ షీట్ అంటారు. మీరేమీ చెప్పకపోతే వాళ్లు అలవాటుగా చేసేది చేస్తారు: మందపు స్టేకులు, మూడు పౌండ్ల రోస్టులు, మిగిలిందంతా హ్యాంబర్గర్. ఎముకలు, కార్జం, తోక చెత్తలోకి. వెయ్యి డాలర్లు పెట్టి మనకి కావాల్సిందే వదిలేసుకున్నట్టు అవుతుంది. ఈ ఒక్క కాగితం మీద పావుగంట కూర్చోండి.

కూర ముక్కలు. ‘స్టూ మీట్’ అని రాయండి, ముక్క అంగుళం అని రాయండి, చక్ నుంచి తీయమనండి. రౌండ్ (తొడ కండ) నుంచి తీస్తే ఎంత ఉడికించినా పీచులా ఉంటుంది. చేత్తో కోయడానికి పౌండ్‌కి కొంచెం ఎక్కువ అడుగుతారు, ఇవ్వొచ్చు. ఎముకతో కూర ముక్క అన్నది వాళ్లకి అర్థం కాదు. దాని బదులు షార్ట్ రిబ్స్‌ని రెండంగుళాల ముక్కలుగా రంపంతో కోయమనండి. పిక్కను అడ్డంగా అంగుళంన్నర మందంలో కోయమనండి. నిహారీకి అంతకంటే మంచిది లేదు, నల్లి మధ్యలోనే ఉంటుంది. మెడ ఎముకలు మాంసంతో పాటు కావాలని విడిగా రాయండి.

ఖీమా. మామూలు హ్యాంబర్గర్‌ను రెండుసార్లు మెత్తగా ఆడతారు. ఖీమా కూర వండితే ముద్దైపోతుంది. టెక్సస్‌లో దీనికి మంచి దారి ఉంది: ‘చిల్లీ గ్రైండ్’ అడగండి. ఇక్కడి చిల్లీ వంటకం కోసం బరకగా ఆడే పద్ధతి అది, బఠానీ ఖీమాకి సరిగ్గా సరిపోతుంది. సగం చిల్లీ గ్రైండ్, సగం మామూలుగా చేయించుకుంటే కబాబులకీ బర్గర్లకీ పనికొస్తుంది. ఒక్కో పౌండ్ ప్యాకెట్లుగా, వీలైతే వాక్యూమ్ సీల్ చేసి.

రౌండ్. తొడ కండ అంతా ఇదే, చాలా ఉంటుంది. మీరు చెప్పకపోతే దీన్ని మెషిన్‌లో చితక్కొట్టి చికెన్‌ఫ్రైడ్ స్టేక్ కోసం ఇచ్చేస్తారు. ‘ఐ ఆఫ్ రౌండ్’ మొత్తంగా ఉంచమనండి. తెలంగాణ ఇళ్లలో చేసే ఒట్టి తునకలకి ఇది బాగుంటుంది. కొవ్వు ఉండదు, పీచు పొడుగ్గా ఒకే వైపుకి ఉంటుంది. సగం గడ్డకట్టినప్పుడు పీచు వెంబడి పొడుగు పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించండి. ఊళ్లో అయితే తాడు మీద ఎండలో వేసేవాళ్లం. ఇక్కడ అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆ పని వద్దు. ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్పే పద్ధతి: ముందు అవెన్‌లో మాంసం లోపలి వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వచ్చేదాకా ఉంచి, తర్వాత డీహైడ్రేటర్‌లో ఆరబెట్టడం.

లోపలి భాగాలు. కార్జం, గుండెకాయ, నాలుక, తోక, మూలగ ఎముకలు, కొవ్వు కావాలంటే కోత రోజుకి ముందే చెప్పాలి. తర్వాత అడిగితే అప్పటికే పారేసి ఉంటారు. పశువుకి నాలుక ఒకటే, తోక ఒకటే. నలుగురు వాటాదార్లు ఉంటే ఎవరికి ఏది అన్నది ముందే తేల్చుకోండి, స్నేహాలు నిలుస్తాయి. బోటి శుభ్రం చేసే సదుపాయం చిన్న ప్రాసెసర్ల దగ్గర అరుదు. కాళ్లు కూడా చాలాచోట్ల ఇవ్వరు, పాయా ఆశ పెట్టుకోకండి. ఊపిరితిత్తులను మనుషుల ఆహారంగా అమ్మడం ఈ దేశంలో 1971 నుంచి నిషేధం. మెదడు సంగతి మర్చిపోండి.

ఎన్ని రోజులు వేలాడదీయాలి అని అడుగుతారు. కోల్డ్‌రూమ్‌లో ఆరేకొద్దీ మాంసం మెత్తబడుతుంది, బరువు కూడా తగ్గుతుంది. గడ్డి పశువు మీద కొవ్వు పొర పలచన కాబట్టి ఎక్కువ రోజులు ఉంచితే పైభాగం ఎండిపోయి కోసి పారేయాల్సి వస్తుంది. కూరల కోసమే అయితే వారం, పది రోజులు చాలు. స్టేకుల మీద మోజుంటే, లేదా మూపురం పశువైతే 14 రోజులు.

ఇంటికి తెచ్చాక

తీసుకెళ్లే రోజు కారులో రెండు పెద్ద కూలర్లు పెట్టుకుని వెళ్లండి, దారిలో ఇంకే పనీ పెట్టుకోకండి. ప్రాసెసర్ దగ్గరే ప్యాకెట్లు లెక్కపెట్టి కట్ షీట్‌తో పోల్చుకోండి. వాక్యూమ్ ప్యాకెట్లలో గాలి చేరినవి ఉంటే పక్కన పెట్టి ముందు వండేయండి. ఫ్రీజర్‌లో ఎముకలు, రోస్టులు అడుగున, ఖీమా పైన. ఖీమా మూడు నాలుగు నెలల్లో రుచి తగ్గడం మొదలవుతుంది, స్టేకులు, రోస్టులు ఏడాది దాకా ఉంటాయి.

వంటలో మార్చుకోవాల్సింది కొంచెమే. కొవ్వు తక్కువ కాబట్టి ఖీమా వేయించేటప్పుడు మామూలు కంటే ఒక చెంచా నూనె ఎక్కువ పడుతుంది. చక్ ముక్కలు, పిక్క కుక్కర్‌లో పెద్ద మంట మీద కంటే, రెండు విజిల్స్ తర్వాత సన్నని మంట మీద అరగంట పైన ఉంచితే బాగా ఉడుకుతాయి. మొండిగా ఉంటే హైదరాబాదీల పచ్చి బొప్పాయి ముద్ద ఎలాగూ ఉంది, పౌండ్‌కి ఒక చెంచా చాలు, ఎక్కువైతే ముక్క పిండి అయిపోతుంది. స్టేక్‌ను మాత్రం మసాలా కూరలా వండకండి. ఉప్పు, మిరియాలు రాసి బాగా కాలిన ఇనప పెనం మీద వేయండి. గడ్డి మాంసం మామూలు బీఫ్ కంటే త్వరగా ఉడుకుతుంది కాబట్టి థర్మామీటర్ దగ్గర పెట్టుకోండి. వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం స్టేక్‌కి 145 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి వచ్చి మూడు నిమిషాలు పక్కన పెట్టాలి, ఖీమా అయితే 160 రావాల్సిందే.